వీలుంటే పంపమన్నారు

"అడుగు వాణ్ణి," అన్నాడు శేషగిరిరావు, ఎదురుగా కూర్చున్న కస్టమర్ల వైపు నుంచి నవ్వుముఖం తిప్పకుండానే. "ఆ వంకాయరంగు పట్టు, ఆకుపచ్చ అంచుది, అక్కడ పడేసుకుని ఏం చేస్తున్నాడో అడుగు. బీరువాలో పెట్టి హారతిస్తున్నాడా? సాయంత్రానికల్లా ఇక్కడుండాలని చెప్పు. వెధవ, అమ్మడం చేతకాదు, ఇవ్వడం చేతకాదు."

మెట్ల కింద ఉన్న చిన్న బల్ల దగ్గర కూర్చుని హెప్సిబా ఫోను తీసింది. బాపట్ల షాపులో ప్రకాశరావే ఎత్తాడు. ఆయన శేషగిరిరావుకి తమ్ముడు. షాపులో అందరికీ చిన్న సారు.

"నమస్తే సార్, తెనాలి నుంచి హెప్సిబానండి. వంకాయరంగు పట్టు, ఆకుపచ్చ అంచుది ఒకటి మీ దగ్గరుందటండి. ఇక్కడ పెళ్ళివాళ్ళు కూర్చునున్నారు. వీలుంటే పంపమన్నారండి."



"వీలుంటేనా?"

"అవునండి."

"నా షాపు ఊడ్చి ఆయన షాపు నింపడానికి కూర్చోలేదని చెప్పు ఆయన గారికి."

"అలాగేనండి." హెప్సిబా ఫోను పెట్టేసి పెద్ద సారు వైపు చూసింది. "చూసి పంపుతామన్నారండి."

కాసేపాగి, పెళ్ళివాళ్ళు టీ తాగుతుండగా మళ్ళీ చేసింది. పెళ్ళికూతురి మేనత్త ఆ రంగు తప్ప ఇంకోటి ముట్టుకోవడం లేదని, ఆవిడ రేపల్లె దగ్గరి నగరం నుంచి ఇంత ఎండలో వచ్చిందని చెప్పింది. చిన్న సారు విసుక్కున్నాడు. ఆ తర్వాత సాయంత్రం బండికి తెనాలి వచ్చేవాళ్ళెవరి చేతికైనా ఇస్తానన్నాడు.

అన్నదమ్ములకి రెండేళ్ళుగా మాటల్లేవు. ఎందుకు పోయాయో రాఘవమ్మ సిల్క్స్‌లో పనిచేసే వాళ్ళెవరికీ సరిగ్గా తెలియదు. పోయాయని మాత్రం అందరికీ తెలుసు. తెనాలిలో పెద్ద షాపు అన్నగారిది, బాపట్ల షాపు తమ్ముడిది, రేపల్లెలోది ఇద్దరిదీ. చీరలు మాత్రం రోజూ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి తిరగాల్సిందే. చీరలు తిరగాలంటే మాట తిరగాలి. ఆ మాట హెప్సిబాది. చిన్నపిల్లకి చేప పెట్టేటప్పుడు ముళ్ళు తీసి పెట్టినట్టు, ఆమె ఇద్దరి మాటల్లోంచీ ముళ్ళు తీసి ఒకరిది ఒకరికి పెట్టేది. అది అబద్ధమని ఆమెకెప్పుడూ తోచలేదు. ముళ్ళతో పెడితే ఎవరు తింటారు?

ఆ పనికోసమే ఆమెకి కుర్చీ ఉంది. కొత్త కౌంటర్లు కట్టించినప్పుడు, కూర్చుని చీరలు చూపించే పాత పరుపులు తీసేశారు. అప్పట్నించీ అమ్మే ఆడపిల్లలు పొద్దుట తలుపు తీసిన దగ్గర్నుంచి నిలబడే ఉంటారు. కస్టమర్లు లేనప్పుడు కూడా. కూర్చుంటే షాపు నిద్రపోతున్నట్టుంటుందని పెద్ద సారు అంటాడు. హెప్సిబా కూడా అలాగే నిలబడింది కొన్నేళ్ళు. పిక్కల మీద నరాలు నీలంగా ముడులు పడి పైకి తేలాక డాక్టరు ఇక నిలబడొద్దన్నాడు. సరిగ్గా అప్పుడే అన్నదమ్ములకి మాటలు పోయాయి. ఫోను దగ్గర ఒక మనిషి కావలసొచ్చింది.

మర్నాడు షాపుకి విజయవాడ నుంచి సింధు వచ్చింది. ఇరవై అయిదేళ్ళుంటాయేమో, భుజాన లాప్‌టాప్ సంచీ, కళ్ళ కింద నిద్రలేని నీడలు. షాపులకి కంప్యూటరు సిస్టమ్ పెట్టే కంపెనీ పంపింది. పెద్ద సారు ఆమెని గాజు గదిలో కూర్చోబెట్టి, మంచినీళ్ళు తెమ్మని హెప్సిబాకి సైగ చేశాడు.

"మొదట ఒక్కటే అడగాలి సార్," అంది సింధు. "ఈ సిస్టమ్ మీకు ఎందుకు కావాలనిపించింది?"

"ఎందుకేంటమ్మా, ఎదురు షాపు వాడికి ఉంది. కస్టమరు నోరు తెరిచేలోపే వాడు ఫోన్లో చీర చూపించేస్తున్నాడు."

సింధు టైపు చేసింది. "ఇంకా ఏమన్నా కారణం ఉందాండీ?"

"ఏ షాపులో ఏముందో నా కంటికి కనబడాలి. కావాల్సింది నొక్కితే రావాలి. ఎవర్నీ అడిగే పనుండకూడదు."

ఆ 'ఎవర్నీ' దగ్గర ఆయన గొంతు కొంచెం గట్టిపడింది. సింధు తల ఎత్తి చూసి, మళ్ళీ టైపు చేసుకుంది.

మిగతా రెండు షాపులూ చూడాలని ఆమె అంటే, పెద్ద సారు హెప్సిబాని వెంట వెళ్ళమన్నాడు. "నాకు కుదరదు. ఈ అమ్మాయికి అక్కడ అందరూ తెలుసు." తర్వాత ఏదో బహుమతి ఇస్తున్నవాడిలా అన్నాడు: "ఇది వచ్చిందంటే నీకీ ఫోన్ల గోల తప్పుతుందమ్మాయ్. హాయిగా పట్టు సెక్షన్లోకి వద్దువుగాని."

హెప్సిబా ఖాళీ గ్లాసు తీసుకుని బయటికి వచ్చింది. పట్టు సెక్షన్లో సరోజ ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి బరువు మార్చుకుంటూ, విప్పిన చీరని మళ్ళీ మడతలోకి తెస్తోంది. అంచు మీద అంచు, కొంగు పైకి, అరచేత్తో ఒక్కసారి సర్దడం. కింద ఆమె పాదాలు చెప్పుల్లోంచి బయటికి ఉబ్బి ఉన్నాయి.

బాపట్ల బండిలో ఇద్దరికీ కిటికీ పక్కన చోటు దొరికింది. నిడుబ్రోలు దాటేదాకా సింధు కళ్ళు మూసుకుని ఉంది. తర్వాత సంచీలోంచి బిస్కెట్లు తీసి సగం హెప్సిబా చేతిలో పెట్టింది.

"అక్కా, వీళ్ళకి నిజంగా ఎందుకు కావాలి?"

"ఆయన చెప్పారుగా."

"అందరూ అదే చెబుతారక్కా. పోయినేడు ఒక రైసు మిల్లుకి చేశాను. ఉత్పత్తి పెంచడానికని చెప్పారు. అసలు సంగతి, అల్లుడు ఇంట్లో ఖాళీగా ఉన్నాడు, వాడికో గది, ఏసీ కావాలి. అంతకుముందు ఒక ఆస్పత్రి. డాక్టరు గారు నర్సమ్మని మానెయ్యమని మొహాన చెప్పలేక ఆవిడ చేసే పనంతా కంప్యూటర్లో పెట్టించాడు. కాయితం మీద మాత్రం అన్నిటికీ ఒకటే కారణం. మెరుగైన సేవ."

"మరి నువ్వేం చేస్తావు?"

"మెరుగైన సేవ అని రాసి, బిల్లు పెడతాను." సింధు నవ్వింది గాని ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు.

బాపట్ల షాపులో ప్రకాశరావు ఇద్దరికీ బాదంపాలు తెప్పించాడు. అన్నలాగా గట్టిగా మాట్లాడే మనిషి కాదు. చొక్కా జేబులోంచి కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, మళ్ళీ పెట్టుకుంటూ ఉన్నాడు. సింధు అదే ప్రశ్న వేసింది.

"మా అన్నయ్యకి నన్ను అడగాలంటే కష్టంగా ఉన్నట్టుందమ్మా. వీలుంటే పంపమంటాడు. ఇబ్బంది లేకపోతే చూడమంటాడు. ముక్కూ మొహం తెలియని వ్యాపారితో కూడా అంత మర్యాదగా మాట్లాడడు ఆయన." కళ్ళజోడు మళ్ళీ తీశాడు. "కంప్యూటరైతే మర్యాద చెయ్యదుగా. పెట్టెయ్యండి."

హెప్సిబా చేతిలో బాదంపాల గ్లాసు చల్లగా ఉంది. ఆ మాట ఎటు తిప్పి చూసినా ఎక్కడో గుచ్చుకుంది. ఎక్కడన్నది చూసుకోవడానికి ఆమెకి ఓపిక లేకపోయింది. సింధు కొలతలూ, కరెంటు ప్లగ్గులూ చూసుకుంటుంటే, ఆమె మాత్రం గుమ్మం దగ్గర ఉన్న స్టూలు మీద కూర్చుని సాయంత్రం బండి గురించే ఆలోచించింది.

రేపల్లె షాపు చిన్నది, స్టేషనుకి నడిచి వెళ్ళేంత దూరం. హెప్సిబా ఇల్లు ఆ ఊళ్ళోనే. మర్నాడు పొద్దుట సింధు బండి దిగేసరికి ఆమె ప్లాట్‌ఫారం మీద ఉంది. షాపు చూసుకునే జాన్సన్ వాళ్ళని చూసి "వందనాలు, వందనాలు" అంటూ లేచాడు. ఆయనా హెప్సిబా ఒకే చర్చికి వెళ్తారు.

"నాకేం కావాలంటారా? కరెంటు పోయినా బిల్లు పోకుండా ఉంటే చాలమ్మా," అన్నాడు సింధుతో. "పెద్దాయన ఒకటంటాడు, చిన్నాయన ఇంకోటంటాడు, ఇద్దరూ మాత్రం ఇటు రారు. ఎవరి ఎదుట ఎవరు పడతారోనని."

తర్వాత హెప్సిబా వైపు తిరిగి కన్ను గీటాడు. "నీ కుర్చీ లాగేసే మనిషిని నువ్వే దగ్గరుండి తిప్పుతున్నావేంటి చెల్లీ? టిఫిన్ కూడా పెట్టించావా?"

"పెట్టించానన్నా. ఇడ్లీ."

"దేవుడు మెచ్చుతాడు పో."

ముగ్గురూ నవ్వారు. తిరిగి వెళ్ళే బండి కోసం స్టేషన్లో కూర్చున్నప్పుడు సింధు నవ్వడం లేదు.

"ఆయనన్నది ఏంటక్కా, కుర్చీ అని?"

హెప్సిబా చీర కుచ్చిళ్ళు కాస్త పైకి జరిపి పిక్క చూపించింది. అంతే. సింధు చూసి ముఖం తిప్పుకోలేదు.

"ఇది వస్తే ఆ ఫోను బల్ల ఉంటుందా?" అని అడిగింది హెప్సిబా.

సింధు లాప్‌టాప్ తెరిచి ఒక బొమ్మ చూపించింది. మూడు డబ్బాలు, తెనాలి, బాపట్ల, రేపల్లె. వాటి మధ్య గీతలు. "ఇందులో నీ పని ఎక్కడా లేదక్కా. ఇదుగో, ఈ గీత ఉంది చూడు, ఇక్కణ్ణుంచి ఇక్కడికి. ఇదే నువ్వు. ఇది వచ్చాక దానంతటదే పోతుంది." ఆ గీత మీదే వేలుంచి అడిగింది: "వాళ్ళిద్దరికీ మాటల్లేవు కదూ?"

"లేవు."

"అదీ కారణం. రాయడానికి మాత్రం కుదరదు." లాప్‌టాప్ మూసేసింది. "నన్ను తిట్టుకుంటున్నావా?"

"నీ పని నువ్వు చేసుకుంటున్నావు. తిట్టుకోవడం దేనికి," అంది హెప్సిబా. నిజానికి ఆమెకి కోపం రావడానికి కూడా నీరసంగా ఉంది. పొద్దుట బండిలో రావడం, సాయంత్రం బండిలో పోవడం, మధ్యలో ఇంకొకళ్ళ కోపాలు మోయడం. ఆ బరువు దించేస్తామని అంటున్నారు. కానీ దాంతోపాటు కుర్చీ కూడా తీసేస్తారు.

శ్రావణం పెళ్ళిళ్ళకి ముందే మొదలుపెట్టాలని పెద్ద సారు తొందరపెట్టడంతో, తయారుగా ఉన్న సిస్టమ్‌నే కాస్త మార్చి సోమవారం మూడు షాపుల్లోనూ పెట్టేశారు. పలకలాంటి టాబ్లెట్ ఒకటి పెద్ద సారు గల్లాపెట్టె దగ్గర నిలబెట్టారు. చీర ఎంచుకుని నొక్కితే ఏ షాపులో ఉందో కనబడుతుంది. కింద ఒక ఖాళీ గడి. ఏమన్నా చెప్పాలనుకుంటే అందులో రాయాలి.

"టైపు నాకు రాదమ్మా," అన్నాడు పెద్ద సారు.

"అక్కర్లేదు సార్. ఈ మైకు బొమ్మ నొక్కి తెలుగులోనే మాట్లాడండి. అదే రాసుకుంటుంది. తర్వాత ఇది నొక్కితే వెళ్ళిపోతుంది."

ఆయనకి అది బాగా నచ్చింది. గల్లాలో కూర్చునే స్నేహని పిలిచి చూపించాడు. హెప్సిబా బల్ల మీద ఫోను ఆ పొద్దంతా మోగలేదు. ఆమె రశీదు పుస్తకాలు సర్దింది, సర్దినవే మళ్ళీ సర్దింది. పట్టు సెక్షన్లో సరోజ ఆమె వైపు చూసి, పక్కన కొంచెం చోటు ఉందన్నట్టు జరిగి చూపించింది. అది వేళాకోళం కాదు. నిజంగానే చోటిస్తోంది.

మధ్యాహ్నం కొల్లిపర నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెళ్ళికూతురికి చిలకపచ్చ కావాలి. ఉన్నవేవీ నచ్చలేదు. పెద్ద సారు టాబ్లెట్ మీద వేలు పెట్టి వెతికాడు. బాపట్లలో ఉంది. ఆయన మైకు బొమ్మ నొక్కి, టాబ్లెట్‌ని నోటి దగ్గరికి తెచ్చుకుని, రెండేళ్ళుగా మెట్ల కింద బల్ల వైపు తిరిగి ఎలా మాట్లాడుతున్నాడో అలాగే మాట్లాడాడు.

"ఒరే ప్రకాశం! ఆ చిలకపచ్చ చీర అమ్ముతావా, నువ్వే కట్టుకుని ఊరేగుతావా? సాయంత్రంలోపు ఇక్కడ లేకపోయిందో, వచ్చి వీపు చీరేస్తాను వెధవా. పెళ్ళాం పెట్టింది తిని కుర్చీలో నిద్రపోవడం కాదు వ్యాపారమంటే."

హెప్సిబా సగం లేచింది. తెర మీద అక్షరాలు ఒక్కొక్కటే పడుతున్నాయి, ఆయన అన్నవి అన్నట్టే. 'సార్, అది అలాగే పోతుంది' అనడానికి నోరు తెరిచింది. ఆయన వేలు ఇంకా పంపే బొమ్మ మీదికి పోలేదు. చెప్పడానికి టైముంది.

పోనీ, అనుకుంది. ఒక్కసారి పోనీ. అది చదివాక చిన్న సారు ఊరుకోడు. పెద్ద గొడవవుతుంది. ఈ పలకలన్నీ మళ్ళీ అట్టపెట్టెల్లోకి పోతాయి. ఫోను మోగుతుంది.

ఆమె మళ్ళీ కూర్చుంది. పెద్ద సారు నొక్కాడు.

బాపట్ల నుంచి జవాబు రాలేదు. చదివినట్టు మాత్రం తెర మీద గుర్తు పడింది. కొల్లిపర వాళ్ళు భోజనానికి వెళ్ళొస్తామన్నారు. ఎదురు షాపుకి వెళ్ళిపోతారేమోనని పెద్ద సారు నాలుగుసార్లు గుమ్మం దాకా వెళ్ళొచ్చాడు. "ఏంటమ్మా ఇది, పలకదే?" అని సింధుని అడిగాడు. సింధు ఆ గడిలో ఉన్నది చదివింది. చదివి హెప్సిబా వైపు చూసింది. హెప్సిబా తల దించుకుంది.

కొల్లిపర వాళ్ళు తిరిగొచ్చి కూర్చున్న కాసేపటికి ప్రకాశరావు షాపులోకి వచ్చాడు. చొక్కా వీపంతా తడిసి అంటుకుపోయింది. చేతి మీద చిలకపచ్చ చీర, సంచీ కూడా లేకుండా.

"ఎవర్రా నా వీపు చీరేసేది?" అన్నాడు.

పట్టు సెక్షన్లో విప్పుతున్న చీర సగంలో ఆగిపోయింది. పెద్ద సారు గల్లా వెనక నుంచి లేచాడు.

"నువ్వేంట్రా ఇక్కడ?"

"చీరేస్తానన్నావుగా. వచ్చాను. చీరెయ్యి."

"అరవకు, పెళ్ళివాళ్ళున్నారు."

"ఉండనీ. రెండేళ్ళు ఎక్కడికి పోయింది నీ నోరు?"

"ఎక్కడికి పోతుంది? రోజూ తిడుతూనే ఉన్నాగా నిన్ను."

"నన్నా? నాకు అందలేదే!"

ఇద్దరూ ఒకేసారి మెట్ల కిందికి చూశారు.

హెప్సిబాకి తన పేరు ఎవరూ పిలవకుండానే పిలిచినట్టయింది. ప్రకాశరావు చీరని కౌంటరు మీద పెట్టి ఆమె బల్ల దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు. జబ్బు సంగతి డాక్టర్ని అడిగేవాడిలా ఉన్నాడు.

"నిజం చెప్పమ్మా. మా అన్నయ్య ఎప్పుడన్నా 'వీలుంటే' అన్నాడా?"

"లేదండి."

"ఒక్కసారన్నా?"

"లేదండి."

"మరేమనేవాడు?"

"వెధవ అనేవారండి. అమ్మడం చేతకాదనేవారు. పోయిన వారం బీరువాలో పెట్టి హారతిస్తున్నాడా అన్నారు."

ప్రకాశరావు నోరు మూసుకుని నవ్వబోయి, నవ్వలేక కళ్ళజోడు తీసేశాడు. "పరాయివాణ్ణి చేసేశాడనుకున్నా," అన్నాడు ఎవరితోనూ కాకుండా. "చిన్నప్పట్నించీ తిట్టకుండా ఒక ముద్ద తిననివ్వలేదు. అలాంటివాడు 'ఇబ్బంది లేకపోతే' అంటే... ఇక నాతో పని లేదన్నట్టేగా."

"వీడేమన్నాడు నన్ను?" అన్నాడు పెద్ద సారు అక్కణ్ణుంచే.

"తన షాపు ఊడ్చి మీ షాపు నింపడానికి కూర్చోలేదన్నారండి."

"అన్నావురా?"

"అన్నాను."

"అని తగలడచ్చుగా నా మొహాన! 'చూసి పంపుతామన్నారండి' అని చెప్పేదీ అమ్మాయి. చేతకాక నీళ్ళు నములుతున్నాడు అనుకునేవాణ్ణి." పెద్ద సారు గల్లా దాటి వచ్చి తమ్ముడి తడిసిన చొక్కా కేసి చూశాడు. "తిన్నావా?"

"నీకెందుకు?"

"తిని చావు ముందు. స్నేహా, భోజనం తెప్పించు."

ఆ తర్వాత అందరూ ఒకేసారి కదిలారు. చిలకపచ్చ చీర విప్పారు, కొంగు పెళ్ళికూతురి భుజం మీద వేశారు, అద్దం జరిపారు. హెప్సిబా బల్ల దగ్గరే ఉంది. రెండేళ్ళు ఆమె ఒక్కొక్క ముల్లూ ఏరింది. ఆ ముళ్ళే లేకపోయేసరికి అది అన్న చేతి ముద్ద అని తమ్ముడు గుర్తుపట్టలేకపోయాడు. ఇది తెలిశాక ఆమెకి కోపమూ రాలేదు, ఏడుపూ రాలేదు. ఎండన పడి చాలా దూరం నడిచాక, ఇది కాదు దారి అని ఎవరో చెప్పినట్టుంది.

భోజనాలయ్యాక అన్నదమ్ములిద్దరూ ఆమె బల్ల వైపు వచ్చారు. వెనకే సింధు.

"మరి సిస్టమ్ సంగతి, సార్?" అంది సింధు. "ఇప్పుడు మీరూ మీరూ ఫోన్లో మాట్లాడుకుంటారుగా."

"ఉండనివ్వమ్మా. ఎదురు షాపు వాడికి ఉంది," అన్నాడు పెద్ద సారు. తర్వాత హెప్సిబాతో, కాస్త మెత్తగా: "మంచికే చేశావు, తెలుసు. కాని చెడ్డపనయిందమ్మాయ్. సరే, అయిపోయింది. ఇక ఈ బల్లతో పని లేదుగా. రేపట్నించి పట్టు సెక్షన్లో సరోజ పక్కన ఉండు."

'అలాగేనండి, కాని మీకు ఇబ్బంది లేకపోతే' అనే మాట నాలుక మీదికి వచ్చేసింది. అలవాటుకొద్దీ తయారుగా వచ్చింది. హెప్సిబా దాన్ని అక్కడే ఆపింది.

"నేను నిలబడలేను సార్."

"ఏంటి?"

"నిలబడలేను. కాళ్ళు వాచి నరాలు ముడులు పడ్డాయి. పట్టు సెక్షన్లో కుర్చీ వేస్తే కూర్చుని చూపిస్తాను. వెయ్యకపోతే రాను."

పెద్ద సారు ఆమెని కొత్త మనిషిని చూసినట్టు చూశాడు. "షాపులో కుర్చీ ఏంటమ్మా. నీకు వేస్తే రేపు అందరూ అడుగుతారు."

"అడుగుతారండి," అంది హెప్సిబా.

ఆమె ఇంకేమీ కలపలేదు. సరోజ చేతిలో చీర అంచు మీద అంచు చేరి అలాగే ఉండిపోయింది.

"ఏంట్రా?" అన్నాడు పెద్ద సారు తమ్ముడితో.

"నన్నడుగుతావేంటి? షాపు నీది."

"నీదీ కదరా!"

"ఇప్పుడు నాదయిందా? ఆవిడ అడిగింది నిన్ను. నువ్వే చెప్పు."

ఇద్దరి గొంతులూ పెరిగాయి. గుమ్మంలో కొత్త కస్టమర్లు చెప్పులు విడుస్తున్నారు. వాళ్ళు లోపలికి వస్తే లేచి నిలబడాలన్నది ఆ షాపు పద్ధతి. వాళ్ళు వచ్చారు. హెప్సిబా కూర్చునే ఉంది. రండమ్మా, ఏం చూస్తారు అని అక్కణ్ణుంచే అడిగింది.